గేటు ముందు జాగా ఎవరిది? హనుమకొండ కాలనీల పార్కింగ్ తగువు వెనకున్న లెక్క

పోయిన చలికాలం ఒక రాత్రి మా గల్లీ చివరింటి పెద్దాయనకు ఛాతీలో నొప్పి లేచింది. ఫోన్ చేసిన కాసేపటికే 108 బండి వచ్చింది. కానీ గల్లీ మొదట్లోనే ఆగిపోయింది. ఒక పక్క కారు, దానికి ఎదురుగా ఇంకో కారు, మధ్యలో హాస్టల్ పిల్లల బైకులు రెండు. డ్రైవర్ దిగి చూసి తల అడ్డంగా ఊపాడు. చివరికి నలుగురం కలిసి ఆయన్ని తెల్ల ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, కుర్చీకి తలో కాలు పట్టుకొని, కార్ల మధ్య నుంచి పక్కకు తిరుగుతూ మోసుకెళ్లాం. ఆ కుర్చీ ఒక కాలు ఎవరిదో కారు అద్దానికి తగిలింది. ఆయన బతికారు. మరునాడు పొద్దున గల్లీలో మొదటి గొడవ మాత్రం ఆ అద్దం గురించే.

నయీంనగర్, కిషన్‌పుర, బాలసముద్రం, రామ్‌నగర్, ఇటు వరంగల్ వైపు శివనగర్, గిర్మాజీపేట, ఎక్కడికి పోయినా ఇదే మాట వినిపిస్తుంది. "అన్నా, జర మీ కారు తీయుండ్రి" అని మొదలై, "రోడ్డేమన్నా మీ జాగీరా?" దాకా పోతుంది. ఇద్దరూ తమదే న్యాయం అనుకుంటారు. నిజానికి ఇద్దరి మాటలోనూ సగం న్యాయం ఉంది. మిగతా సగం ఎక్కడ పోయిందో తెలియాలంటే, చట్టం దగ్గర్నుంచి కాకుండా టేపు పట్టుకొని కొలత దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.

కాగితం మీద 30 అడుగులు, కారుకు దొరికేది ఎంత

లేఅవుట్ కాగితంలో "30 అడుగుల రోడ్డు" అని ఉంటే, అది ఈ ఇంటి ప్రహరీ నుంచి ఎదురింటి ప్రహరీ దాకా ఉన్న మొత్తం. బండ్లు తిరిగే జాగా అంతా అని కాదు. అందులోనే రెండు పక్కలా మోరీలు ఉంటాయి, చెరో రెండడుగులు అనుకుందాం. మిగిలింది 26. ఇంటి లోపలికి కారు ఎక్కడానికి మోరీ దాటి రోడ్డు మీదికి పోసుకున్న ర్యాంపులు ఇంకో చెరో రెండడుగులు మింగుతాయి. ఇప్పుడు 22. కరెంటు స్తంభం, పాత వేపచెట్టు, పైపులైను వేసి సరిగా పూడ్చని గుంత, ఇవేవీ ఈ లెక్కలో లేవు.

మామూలు కారు వెడల్పు అద్దాలతో కలిపి దాదాపు ఆరడుగులు. ర్యాంపు అంచుకు ఒక అడుగు దూరంలో ఆపుతారు. ఒక్క పక్కనే కార్లు ఉంటే 15 అడుగుల దారి మిగులుతుంది. ఎదురెదురుగా ఒక కారు, ఒక ఆటో మెల్లగా తప్పుకోవచ్చు. రెండు పక్కలా కార్లు పెడితే మిగిలేది ఎనిమిదడుగులు. ఫైరింజన్ వెడల్పే ఇంచుమించు అంత ఉంటుంది. అంబులెన్స్ నేర్పుగా పోగలదు గానీ ఎవరైనా ఒక్క బైకు అడ్డంగా పెడితే అదీ ఆగుతుంది. ఆ రాత్రి మా గల్లీలో జరిగింది ఇదే. అక్కడ ఒక్కరు కూడా ఘోరమైన తప్పు చేయలేదు. ఎవరికి వారు తమ బండిని ఓ పక్కకే పెట్టుకున్నారు. రెండో పక్క కూడా నిండిందన్నదే తేడా.

పాత బస్తీ గల్లీలు, అంటే మట్టెవాడ, గిర్మాజీపేట వైపువి, కార్లు రాకముందు పడ్డ దారులు. అక్కడ 30 అడుగులన్నదే చాలాచోట్ల లేదు, ఒక్క కారు ఆగినా దారి మూసుకుపోతుంది. అది వేరే సమస్య. ఈ వ్యాసం ఎక్కువగా 30, 40 అడుగుల రోడ్లున్న కాలనీల గురించి.

ఆ రోడ్డు మీద ఎవరికి ఏం హక్కు

ఇంటి ఓనర్లలో చాలామంది నమ్మేది ఒకటుంది: గేటు ముందు రోడ్డు ముక్క నాది. రోజూ ఊడ్చేది నేను, అలుకు జల్లి ముగ్గేసేది మా ఇంటావిడ, కాబట్టి అక్కడ బండి పెట్టే హక్కు మాది. ఇది మమకారం నుంచి పుట్టిన మాట. వాకిలి ఇంట్లో భాగమనే భావన మనకు తరాల నాటిది. చట్టం మాత్రం అలా చూడదు. రోడ్డు, దాని పక్కనున్న మట్టి జాగాతో సహా, జనం నడవడానికి ఉన్నదని సుప్రీంకోర్టు 1965లోనే మంగ్లౌర్ మునిసిపల్ బోర్డు కేసులో చెప్పింది. దాని బాధ్యత స్థానిక సంస్థది, మన దగ్గరైతే గ్రేటర్ వరంగల్ కార్పొరేషన్‌ది. ఇంటి ఓనరుకు ఉన్నది వేరే హక్కు: తన ఇంట్లోంచి రోడ్డు మీదికి, రోడ్డు మీంచి ఇంట్లోకి అడ్డు లేకుండా రాకపోకలు సాగించే హక్కు. అంటే గేటుకు అడ్డంగా ఎవరూ బండి పెట్టకూడదు. గేటు పక్కన ప్రహరీ వెంట ఖాళీగా ఉన్న రోడ్డు మీద మాత్రం ఓనరుకు దారిన పోయేవాడి కంటే ఎక్కువ హక్కు లేదు.

అందుకే గేటు పక్కన రాళ్లు పేర్చడం, సిమెంటు రింగులు పెట్టడం, ఇనుప గొలుసు కట్టడం, ఇవన్నీ చట్టం దృష్టిలో రోడ్డు ఆక్రమణలే. "ఇక్కడ బండి పెడితే గాలి తీయబడును" అన్న బోర్డు మన ఊళ్లో ప్రతి పది ఇళ్లకు ఒకటి కనిపిస్తుంది. నిజంగా గాలి తీసినా, గీతలు గీసినా, ఎదుటివాడి ఆస్తికి నష్టం చేసిన నేరం అవుతుంది. పాత ఐపీసీ బదులు ఇప్పుడు అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 324వ సెక్షన్ దానికే.

మరి కారు ఓనరుకు? "రోడ్డు అందరిదీ, నేను లైఫ్ ట్యాక్స్ కట్టాను" అనేది ఆయన మాట. లైఫ్ ట్యాక్స్ బండిని రోడ్డు మీద నడపడానికి కట్టేది. రోడ్డు మీద రాత్రీ పగలూ నిలబెట్టుకోవడానికి కట్టే కిరాయి కాదు. మోటారు వాహనాల చట్టం 1988లో 117వ సెక్షన్ ప్రకారం పార్కింగ్ స్థలాలు ఎక్కడో నిర్ణయించే అధికారం ప్రభుత్వానిది, స్థానిక సంస్థను సంప్రదించి చేయాలి. 122 ప్రకారం ఇతరులకు ప్రమాదం, అడ్డంకి, అసౌకర్యం కలిగేలా బండి వదలకూడదు. 127 ప్రకారం పది గంటలకు మించి దిక్కులేకుండా వదిలేసిన బండినీ, నిషేధం ఉన్నచోట పెట్టిన బండినీ యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి తీయించవచ్చు, ఆ ఖర్చు ఓనరుదే. 2017 నాటి డ్రైవింగ్ నిబంధనలు ఫుట్‌పాత్ మీద, మలుపుల దగ్గర, ఇతరుల దారికి అడ్డంగా పార్క్ చేయకూడదంటాయి.

చట్టం మాట్లాడని చోటు కూడా ఉంది, తగువులన్నీ అక్కడే. గేటుకు అడ్డం కాకుండా, మలుపు కాకుండా, బోర్డు లేని మామూలు కాలనీ రోడ్డు మీద, పక్కకు పెట్టిన కారును ఏ సెక్షన్ కింద తప్పుపట్టాలి? ఒక్కో కారునూ విడిగా చూస్తే తప్పు లేదు. అన్నీ కలిస్తే అంబులెన్స్ ఆగుతుంది. ట్రాఫిక్ పోలీసుల చలాన్లు హనుమకొండ చౌరస్తా, పోచమ్మమైదాన్ లాంటి పెద్ద రోడ్ల మీద పనిచేసినంతగా గల్లీల్లో పనిచేయకపోవడానికి ఇదొక కారణం.

ఒక గల్లీని లెక్కేసి చూద్దాం

కార్లు పెరిగాయి కాబట్టి జాగా చాలడం లేదు అని అందరం అనేస్తాం. అది నిజమే గానీ మొత్తం నిజం కాదు. లెక్క కోసం ఒక గల్లీని ఊహించుకుందాం. పొడవు 400 అడుగులు, రెండు పక్కలా పదేసి ప్లాట్లు, ఒక్కొక్కటి 200 గజాలు, అంటే 40 అడుగుల ముఖం, 45 అడుగుల లోతు. గేటు, ర్యాంపు పోగా ప్రతి ప్లాటు ముందు 28 అడుగులు మిగులుతుంది. కారు పొడవు 13 అడుగులు, వెనక్కి తీసి పెట్టడానికి ఇంకొంచెం కావాలి కాబట్టి ప్లాటుకు ఒక్క కారే పడుతుంది. ఒక పక్కనే పెట్టాలంటే గల్లీ మొత్తానికి పది కార్ల జాగా.

ఇప్పుడు ఈ ఇరవై ప్లాట్లలో పన్నెండు మామూలు ఇళ్లు: కింద ఓనరు, పైన రెండు పోర్షన్లు కిరాయికి, మొత్తం 36 కుటుంబాలు. నాలుగు ప్లాట్లు రెండేసి కలిపి రెండు అపార్ట్‌మెంట్లయ్యాయి, ఎనిమిదేసి ఫ్లాట్ల చొప్పున 16 కుటుంబాలు. మూడింటిలో కాలేజీ పిల్లల హాస్టళ్లు. ఒకదాంట్లో సాయంత్రం క్లినిక్.

ఇళ్లలో సగం కుటుంబాలకు కారుంటే 18. ఇంటికొకటి చొప్పున పన్నెండు లోపల పట్టినా ఆరు బయటికొస్తాయి. అపార్ట్‌మెంట్లలో ఫ్లాటుకొక కారు, నలుగురికి రెండోది, మొత్తం 20. స్టిల్టుల్లో, అంటే భవనం కింద స్తంభాల మధ్య వదిలిన పార్కింగ్ జాగాల్లో, ఎనిమిదేసి పడితే నాలుగు బయట. అంటే నివాసం ఉండేవాళ్ల కార్లు రోడ్డు మీద పది. ఒక పక్క సరిగ్గా సరిపోయింది.

ఆ తర్వాతే అసలు ఒత్తిడి. ఒక అపార్ట్‌మెంట్ స్టిల్టులో ముందు భాగం మూసి రెండు మడిగెలు తీశారనుకోండి, నాలుగు కార్లు బయటపడ్డాయి. మూడు హాస్టళ్లలో 180 మంది పిల్లలు, అయిదుగురిలో ఒకరికి బైకు అంటే 36 బైకులు. ఆరు బైకులు ఒక కారు జాగా తింటాయి, కాబట్టి ఆరు కార్ల జాగా. క్లినిక్‌కు సాయంత్రం అయిదు నుంచి తొమ్మిది దాకా 40 మంది, తలా ఒక గంట. ఎప్పుడు చూసినా పదిమంది ఉంటారు, సగం మంది కార్లలో వచ్చారంటే ఇంకో అయిదు. మొత్తం 25 కార్ల జాగా కావాలి, ఉన్నది పది.

ఈ అంకెలు నేను ఊహించుకున్నవే. మీ గల్లీ అంకెలు వేసుకుంటే ఫలితం మారుతుంది. కానీ లెక్క వేసే తీరు ఒక సంగతి చూపిస్తుంది. పొరుగువాళ్లు ఒకరితో ఒకరు కొట్లాడుకునేది ఆ పది కార్ల దగ్గర. గల్లీని ముంచింది మిగతా పదిహేను. ఆ పదిహేను ఇళ్ల వాడకం మారడం వల్ల వచ్చినవి. తిలా పాపం తలా పిడికెడు కూడా ఉంది: ఆ పన్నెండు ఇళ్లలో ఆరుగురు ఓనర్లు కారు జాగాను మూసి ఇంకో చిన్న పోర్షన్ చేసి కిరాయికిస్తే, గల్లీ మీదికి ఇంకో ఆరు కార్లు వస్తాయి. కిరాయి మాత్రం ఒక్కరి జేబులోకే పోతుంది.

ప్లానులో ఉన్న పార్కింగ్ ఎటు పోయింది

భవనాలకు అనుమతి ఇచ్చేటప్పుడు పార్కింగ్ అడగలేదా అంటే, అడిగారు. ఉమ్మడి రాష్ట్రంలో 2012 ఏప్రిల్‌లో వచ్చిన జీవో 168 నియమాలే, సవరణలతో, ఇప్పటికీ మనకు ఆధారం. అందులో భవనం వాడకాన్ని బట్టి, కట్టిన విస్తీర్ణంలో ఇంత శాతం పార్కింగ్‌కు వదలాలని ఉంది. సినిమా హాళ్లు, మాల్స్‌కు ఎక్కువ, అపార్ట్‌మెంట్లకు తక్కువ. నేల మట్టానికి స్తంభాల మీద ఖాళీగా వదిలితే స్టిల్టు, భూమి కింద తవ్వితే సెల్లార్.

చిక్కు మూడు చోట్ల వస్తుంది. మొదటిది, లెక్క కట్టింది అనుమతి నాటి వాడకానికి. ఇల్లుగా అనుమతి పొందిన భవనం నాలుగేళ్లకు హాస్టలో, ల్యాబో, ట్యూషన్ సెంటరో అయితే మనుషులు, బండ్లు నాలుగింతలవుతాయి, పార్కింగ్ మాత్రం ఇంటికి లెక్కగట్టినంతే ఉంటుంది. రెండోది, పెద్ద భవనాలకు పదో వంతు నిర్మాణాన్ని కార్పొరేషన్ దగ్గర తనఖా పెట్టించుకునే పద్ధతి ఉంది. ప్లాను ప్రకారం కట్టి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాక ఆ తనఖా విడుదలవుతుంది. అప్పటిదాకా ఖాళీగా ఉన్న సెల్లార్‌లోకి ఆ తర్వాత మందుల షాపు, స్కానింగ్ మిషను వస్తే పట్టుకునే పగ్గం లేదు, మళ్లీ తనిఖీకి వచ్చి నోటీసు ఇవ్వాల్సిందే. మూడోది, 2020లో వచ్చిన టీఎస్ బీపాస్ చట్టం. 75 గజాల లోపు ఇంటికి రూపాయితో రిజిస్ట్రేషన్, 600 గజాల లోపు, పది మీటర్ల ఎత్తు లోపు ఇంటికి ఓనరు స్వీయ ధృవీకరణతో వెంటనే అనుమతి. లంచాలు, తిప్పలు తగ్గించడానికి ఇది పెద్ద మేలు, అందులో సందేహం లేదు. ముందుగా చూసేవాడు తగ్గినప్పుడు కట్టాక చూసేవాడు పెరగాలి. అదే జరగాల్సినంత జరగడం లేదని నా అభిప్రాయం.

స్టిల్టు గురించి ఇంకో మాట. అపార్ట్‌మెంట్లలో బిల్డర్లు స్టిల్టు పార్కింగ్‌ను విడిగా అమ్మడం మామూలైంది. 2010లో నహల్‌చంద్ కేసులో, మహారాష్ట్ర చట్టం కింద, స్టిల్టు పార్కింగ్ అందరికీ చెందిన ఉమ్మడి జాగా అనీ దాన్ని విడిగా అమ్మే హక్కు బిల్డర్‌కు లేదనీ సుప్రీంకోర్టు చెప్పింది. ఫ్లాటు కొన్నవాళ్లలో డబ్బు కట్టలేనివాడి కారు బయట గల్లీలో నిలబడటానికి ఈ అమ్మకాలూ ఒక కారణమే.

కారు లేనివాళ్ల మీద పడే బరువు

పార్కింగ్ గొడవంటే కార్లున్నవాళ్ల గొడవ అనుకుంటాం. బరువు ఎక్కువ మోసేది మాత్రం కారు లేనివాళ్లు. మా గల్లీలో చెత్త బండి ఇప్పుడు మూల మలుపు దగ్గరే ఆగుతుంది. ఇంటింటికీ రావాల్సిన బండి దగ్గరికి డబ్బాలు పట్టుకొని ఆడవాళ్లే నడిచిపోతారు. కూరగాయల తోపుడుబండి అతను లోపలికి రావడం మానేశాడు. మోకాళ్ల నొప్పులున్న ముసలమ్మ ఒకామె రోజూ సాయంత్రం గుడికి పోయేది. ఇప్పుడు రోడ్డు మధ్యలో నడవాల్సి వస్తుందని కొడుకు వద్దంటున్నాడు. పిల్లల క్రికెట్ పోయింది. కారుకు బంతి తగిలితే వచ్చే తిట్లకు భయపడి వాళ్లు ఫోన్లు పట్టుకొని మెట్ల మీద కూర్చుంటున్నారు.

నెలల తరబడి కదలని కార్లు మోరీ మూతల మీదే ఉంటాయి. పూడిక తీసేవాళ్లు ఆ నాలుగడుగులు వదిలేసి పోతారు. 2020 ఆగస్టులో కాలనీలకు కాలనీలే నీట మునగడం చూసిన ఊరికి పూడుకుపోయిన మోరీ చిన్న విషయం కాదు.

ఎవరి వాదనలో ఎంత బలం

కిరాయిదారు మాట వినాలి. ఇల్లు చూపించినప్పుడు "పార్కింగ్ బయట పెట్టుకోండి" అన్నది ఓనరే. ఇల్లు మారిన రెండో రోజు పక్కింటివాళ్లు కొట్లాటకు వస్తే అతనేం చేయాలి? బస్సు సౌకర్యం సరిగా లేని చోట ఉద్యోగానికి కారు తప్పదు.

క్లినిక్, చిన్న దుకాణం నడిపేవారి మాటా ఉంది. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్, జనగామ నుంచి రోగులు వైద్యానికి ఈ ఊరికే రావాలి. వాళ్లు బిడ్డనో తల్లినో కారులో వేసుకొని వస్తారు. వాళ్లని తప్పుపట్టడం న్యాయం కాదు. కాలనీలో డాక్టరు, కిరాణా కొట్టు ఉండటం అందరికీ మేలే. ప్రశ్నల్లా, వచ్చేవారి బండ్లకు జాగా చూపించే బాధ్యత ఆ వ్యాపారానిదా, రోడ్డుదా అన్నదే.

ఈ ప్రశ్నకు డబ్బు లెక్క ఒకటి సాయపడుతుంది. ఒక కారుకు కనీసం 15 అడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు కావాలి, అంటే దాదాపు 12 గజాలు. గజం 40 వేలు అనుకుంటే ఆ జాగా విలువ నాలుగు లక్షల 80 వేలు. అది ఒక చిన్న గదంత జాగా, దానికి కిరాయి సున్నా. 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం కూడా పార్కింగ్ రుసుము ఆ నేల విలువను ప్రతిబింబించాలనే చెప్పింది. దీనికి ఎదురు వాదన తేలికైంది కాదు: రుసుము పెడితే ఉన్నవాడు కట్టి పెట్టుకుంటాడు, ఆటో నడిపి బతికేవాడు తన ఆటోను రాత్రి ఎక్కడ పెట్టుకోవాలి? జీవనోపాధి బండికీ, ఇంట్లో మూడో కారుకూ ఒకే రేటు పెట్టే పద్ధతి ఏదైనా ఈ ఊళ్లో నిలబడదు.

వేరే చోట్ల ఏం చేశారు

జపాన్‌లో 1962 నుంచి ఒక చట్టం ఉంది. కారు రిజిస్టర్ కావాలంటే ఇంటికి రెండు కిలోమీటర్ల లోపు పార్కింగ్ జాగా ఉందని పోలీసుల నుంచి ధృవీకరణ తేవాలి. రాత్రంతా రోడ్డు మీద కారు వదలడం కూడా నిషేధం. 2025లో మహారాష్ట్ర రవాణా మంత్రి ఇలాంటి ఆలోచనే ప్రకటించారు. కొత్తగా కొనే కార్లకు ఇది పనికొస్తుంది. ఇప్పటికే ఉన్న కార్లకు పనికిరాదు, పైగా దొంగ ధృవీకరణలకు దారి తీయవచ్చు.

ఢిల్లీ 2019లో తెచ్చిన నిబంధనల దారి వేరు. ప్రతి కాలనీకి అక్కడి సంక్షేమ సంఘాలతో మాట్లాడి ఒక పార్కింగ్ ప్లాను గీయాలి. అందులో మొదట అంబులెన్స్, ఫైరింజన్ పోయే దారిని వదిలేయాలి, మిగిలిందే పార్కింగ్. నాకు ఈ వరస సరైందనిపిస్తుంది. ముందు ఎన్ని కార్లున్నాయో లెక్కపెట్టి దారి వెతకడం కాదు, ముందు దారి వదిలి మిగిలినదాంట్లో కార్లను లెక్కపెట్టడం. మన కాలనీల్లో అయితే తొలి అడుగు ఒక పక్క పార్కింగే అవుతుంది. అప్పుడు రెండో పక్క కార్లు ఎక్కడికి పోవాలన్న ప్రశ్న వెంటనే లేస్తుంది, దానికి జవాబు మూసేసిన స్టిల్టుల్లో, సెల్లార్లలో కొంత ఉంది. రాత్రిళ్లు ఖాళీగా ఉండే బడి ఆవరణల్లో, పెళ్లిళ్లు లేని రోజుల్లో ఫంక్షన్ హాళ్ల జాగాల్లో ఇంకొంత ఉంది.

అక్కడ జాగా ఉందని మా గల్లీకి తెలుసు. ఏటా సద్దుల బతుకమ్మ నాడు మధ్యాహ్నం రెండింటికల్లా ఆడవాళ్లు గడప గడపకూ వచ్చి "అన్నా, పొద్దుగూకక ముందే కార్లు తీయుండ్రి" అని చెప్పిపోతారు. ఎవరూ ఎదురు మాట్లాడరు. నాలుగింటికల్లా గల్లీ ఈ చివర నుంచి ఆ చివర దాకా ఖాళీ. నీళ్లు చల్లుతారు, 22 అడుగుల వెడల్పునా ముగ్గులు పడతాయి, పెద్దాయన తన కుర్చీ గేటు బయట వేయించుకొని కూర్చుంటారు. ఆ రాత్రి కార్లన్నీ పక్క వీధి బడి గ్రౌండులో వరసగా నిలబడి ఉంటాయి. పొద్దున పదింటికల్లా మళ్లీ ముగ్గుల మీదికి వచ్చేస్తాయి.